అమ్మకం లెక్క తోట దాకా వస్తేనే...
కిరాణా, కూరగాయల సరఫరాలో సమన్వయం ఎందుకు? శివ్వంపేట రైతుకు, దుకాణదారుకు దానితో పనేమిటి?

శివ్వంపేట (మెదక్ జిల్లా): తెల్లవారుజామున టమాట బాక్సులు నింపుకొని శివ్వంపేట మండలం నుంచి బయలుదేరే ఆటోకు ప్రధానంగా మూడు దారులున్నాయి. నర్సాపూర్ వైపు వెళ్లి మెదక్-హైదరాబాద్ రహదారి పట్టడం ఒకటి. తూప్రాన్ వద్ద 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి బోయిన్‌పల్లి మార్కెట్‌కు చేరడం రెండోది. మరింత తూర్పుకు సాగి రాజీవ్ రహదారిపై ఉన్న వంటిమామిడికి వెళ్లడం మూడోది. అక్కడ మార్కెట్ ఉంది. సూపర్‌మార్కెట్ సంస్థలు కూరగాయల సేకరణ కేంద్రాలు పెట్టిన ప్రాంతం కూడా అదే. ఏ దారిన వెళ్లినా రైతుకు ముందుగా తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు నగరంలో ఎంత టమాట అమ్ముడుపోతుంది, నిన్న తెచ్చినదాంట్లో ఎంత మిగిలిపోయింది అన్నదే ఆ సంగతి. ఆ లెక్క సరుకు అమ్మే దుకాణంలో ఉంటుంది. సరుకు పండించే చేను దాకా రాదు.

ఇదే చిక్కు ఎదురు దిశలోనూ కనిపిస్తుంది. మండల కేంద్రంలోని కిరాణా కొట్టుకు సబ్బులు, నూనె, బిస్కెట్లు, టీపొడి బయటి నుంచి రావలసిందే. వారానికో, పది రోజులకో వచ్చే సేల్స్‌మన్‌కు దుకాణదారు అంచనా మీద ఆర్డరు రాయిస్తాడు. అంచనా తప్పితే ఒక వస్తువు అటక మీద కాలం చెల్లిపోతుంది, మరొకటి పండుగ నాడే నిండుకుంటుంది. సరుకు ఇచ్చేవారు, అమ్మేవారు అమ్మకాల లెక్కను పంచుకొని, రవాణాను కలిపి చూసుకొని, మిగులు నష్టాన్ని ఎవరు ఎంత భరించాలో ముందే నిర్ణయించుకోవడాన్నే సరఫరా సమన్వయం అంటారు. మాట పెద్దదిగా వినిపించినా, కొట్టుకూ తోటకూ మధ్య నమ్మకమైన లెక్క ఉండడమే దాని సారాంశం.

కొరడా పిడి కదిలితే

ఒక కొట్టులో వారానికి నాలుగు పెట్టెల వంటనూనె అమ్ముడవుతుందనుకుందాం. దసరా వారంలో అది ఐదుకు పెరిగింది. ఎందుకైనా మంచిదని దుకాణదారు ఆరు పెట్టెలు చెబుతాడు. చుట్టుపక్కల కొట్లన్నీ అలాగే చెప్పడం చూసి పంపిణీదారు ఇంకొంత కలిపి కంపెనీ డిపోకు పంపుతాడు. డిపో ఫ్యాక్టరీకి పంపే లెక్క మరింత పెరుగుతుంది. పండుగ వెళ్లాక అందరి వద్దా సరుకు పేరుకుపోతుంది. తరువాతి రెండు, మూడు వారాలు ఎవరూ ఆర్డరు ఇవ్వరు. ఫ్యాక్టరీ దృష్టిలో మాత్రం అమ్మకాలు ఒక్కసారిగా ఎగసి, ఒక్కసారిగా పడిపోయినట్టే. నిజానికి జనం కొన్నది ఒక పెట్టె ఎక్కువ, అంతే.

కొరడా పిడిని కొద్దిగా కదిపితే కొస బారెడు ఊగుతుంది. అందుకే ఈ పరిణామానికి నిపుణులు కొరడా పేరే పెట్టారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హౌ లీ, ఆయన సహచరులు 1997లో దీని కారణాలను విడమరచి చెప్పారు. పసిపిల్లల డయాపర్ల వంటి, ఏడాది పొడవునా దాదాపు ఒకేలా అమ్ముడయ్యే సరుకుకు కూడా ఆర్డర్లు విపరీతంగా హెచ్చుతగ్గులవడం అక్కడి కంపెనీలను కలవరపరచింది. పిల్లల అవసరం మారలేదు. మధ్యలో ఉన్న ప్రతి మజిలీ తన భయాన్ని కొంత కలుపుతూ పోయింది.

దానికి విరుగుడు అప్పటికే ఒకచోట మొదలైంది. 1987లో వాల్‌మార్ట్ దుకాణాల సంస్థ, సబ్బులూ డయాపర్లూ తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కలిసి పనిచేయాలని నిశ్చయించుకున్నాయి. అంతకుముందు వాటి మధ్య నడిచింది ధరల బేరమే. కొత్త ఏర్పాటులో దుకాణాల్లో ఏది ఎంత అమ్ముడైందో తయారీదారుకే నేరుగా తెలిసేలా చేశారు. అరలు ఖాళీ కాకుండా చూసే బాధ్యతను సరఫరాదారుకే అప్పగించారు. ఆర్డరు కోసం ఎదురుచూడటం తగ్గి, అమ్మకం లెక్క ఆధారంగా సరుకు కదలడం మొదలైంది.

ఈ లెక్కకు పనిముట్టు ప్రతి ఇంటికీ వచ్చే ప్యాకెట్ మీదే ఉంది. నల్లని గీతల బార్‌కోడ్‌ను 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో తొలిసారి ఒక చూయింగ్‌గమ్ ప్యాకెట్‌తో దుకాణంలో వాడారు. భారతదేశంలో నమోదైన కంపెనీల కోడ్ 890తో మొదలవుతుంది. శివ్వంపేటలో బిస్కెట్ ప్యాకెట్ తిరగేసి చూసినా ఆ మూడంకెలు కనిపిస్తాయి. అయితే గీతలు ఉన్నంత మాత్రాన లెక్క రాదు. బిల్లింగ్ యంత్రం లేని కొట్టులో అవి అట్టమీది బొమ్మలే. టమాటకైతే ఆ గీతలు కూడా ఉండవు.

రైతుబజారు నుంచి సేకరణ కేంద్రం దాకా

ఉమ్మడి రాష్ట్రంలో రైతునూ కొనుగోలుదారునూ ముఖాముఖి నిలిపిన పెద్ద ప్రయత్నం రైతుబజారు. 1999 జనవరిలో ఇవి మొదలయ్యాయి. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి వంటి చోట్ల నగరవాసులకు నేటికీ ఇవి పరిచితమే. దళారీ లేకుండా రైతే వచ్చి అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. టోకు ధరకన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధరకన్నా తక్కువగా బోర్డు మీద రేటు రాసిపెట్టడం వల్ల ఇరువైపులా మేలు కలిగింది. కానీ రైతు ఒక పూటంతా అమ్మకానికే కూర్చోవాలి. కొద్దిపాటి సరుకున్న సమీప గ్రామాలవారికి అది సరిపడింది. ఒక్కసారే 40 బాక్సులు కోసే రైతుకు సరిపడలేదు.

2005లో రాష్ట్ర వ్యవసాయ మార్కెట్ల చట్టాన్ని సవరించి, యార్డు వెలుపల నేరుగా కొనుగోలు చేయడానికి, ఒప్పంద సేద్యానికి వీలు కల్పించారు. మరుసటి ఏడాదే నగరంలో దుకాణాల వరుసలు పెరిగాయి. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచింది. ఆ కాలంలోనే హెరిటేజ్ సంస్థ ఫ్రెష్ దుకాణాలు పెట్టింది. పాత త్రినేత్ర దుకాణాలను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొని మోర్‌గా మార్చింది. వీటన్నింటికీ రోజూ తాజా కూరగాయలు కావాలి. అందుకే ఉమ్మడి మెదక్, రంగారెడ్డి జిల్లాల్లో సేకరణ కేంద్రాలు వెలిశాయి. తెలంగాణ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో మార్కెటింగ్ శాఖ కూడా 'మన కూరగాయలు' పేరుతో గ్రామాల్లో సేకరించి నగరంలో అమ్మే పథకాన్ని చేపట్టింది.

సేకరణ కేంద్రంతో లాభాలు లేకపోలేదు. ఎలక్ట్రానిక్ కాంటా మీద తూకం కళ్లముందే జరుగుతుంది. తరుగు పేరుతో బాక్సుకు కిలో, రెండు కిలోలు కోసేయడం ఉండదు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కమీషన్ బాధ లేదు. మార్కెట్లో గంటలకొద్దీ వేలం కోసం నిలబడే పని తప్పుతుంది. అయితే ఈ కేంద్రాలు సాధారణంగా అనుసరించే పద్ధతిలో రైతు గమనించవలసిన మెలిక ఒకటుంది. ఎంత కావాలో ముందురోజు సాయంత్రం చెబుతారు. ధరను ఆ రోజు మార్కెట్ రేటును బట్టి, దానికి కొంచెం పైన నిర్ణయిస్తారు. తీసుకునేది మేలురకం మాత్రమే. మిగతాది రైతు వెనక్కి తీసుకుపోవాలి.

కిలో రేటు చూసి మోసపోరాదు

ఊహా లెక్కే అయినా ఒకసారి వేసి చూడటం మంచిది. రైతు వద్ద 25 కిలోల బాక్సులు 40, అంటే 1,000 కిలోల టమాట ఉందనుకుందాం. మార్కెట్లో కలగలుపు సరుకుకు కిలో రూ.16 పలుకుతోంది. కమీషన్, హమాలీ కలిపి పదో వంతు పోతే చేతికి వచ్చేది రూ.14,400. సేకరణ కేంద్రంలో కిలోకు రూ.18 ఇస్తున్నారు. రెండు రూపాయలు ఎక్కువే కదా అని అక్కడికి వెళ్తే, 600 కిలోలు తీసుకుని 400 కిలోలు పక్కన పెట్టారు. మొదటిదానికి రూ.10,800 వచ్చింది. ఏరివేయగా మిగిలిన సరుకును మార్కెట్‌కు తీసుకుపోతే కిలో రూ.10కి మించి ఎవరూ అడగరు. దానిపై ఖర్చులు పోను రూ.3,600. మొత్తం మళ్లీ రూ.14,400. పైగా ఆటో రెండు చోట్లకు తిరిగింది.

అదే కేంద్రం 800 కిలోలు తీసుకుంటే? రూ.14,400 అక్కడే వస్తుంది. మిగిలిన 200 కిలోలపై మరో రూ.1,800. మొత్తం రూ.16,200. కిలో ధర పైసా మారలేదు. తీసుకునే వాటా మారింది. కాబట్టి 'కిలోకు ఎంత ఇస్తారు' అన్న ప్రశ్నకన్నా 'తెచ్చిన దాంట్లో ఎంత తీసుకుంటారు' అన్న ప్రశ్న రైతుకు ముఖ్యం. చాలామంది మొదటిదే అడుగుతారు. మేలురకం అంటే ఏమిటో, ఎంత సైజు, ఏ పక్వం, ఎన్ని మచ్చల వరకు ఫరవాలేదో ముందే కాగితం మీద లేకపోతే, దుకాణాల్లో అమ్మకం మందగించిన రోజున అదే కాయ నాసిరకం అయిపోయే ప్రమాదముంది. నగరంలో అమ్ముడుపోని నష్టం అలా నాణ్యత పేరుతో చేనుకు తిరిగి వస్తుంది.

వినియోగదారు పెట్టే రూపాయిలో రైతుకు ఎంత చేరుతుందన్నదానిపై రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన పరిశోధన పత్రం టమాటకు దాదాపు 33 పైసలు, ఉల్లికి 36, ఆలుగడ్డకు 37 పైసలుగా అంచనా వేసింది. మిగతాదంతా దళారుల లాభమే అనుకోవడం సరికాదు. రవాణా, కూలి, కుళ్లు, దుకాణం అద్దె అందులోనే ఉన్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన లూథియానా సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం కోత నుంచి అమ్మకం వరకు టమాటలో 12 శాతానికి పైగా నష్టమవుతోంది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల వరకు విద్యుత్తు తయారుచేస్తున్న వైనాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2021 జనవరిలో 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. వ్యర్థం నుంచి వెలుగు రావడం మెచ్చదగినదే. అందులో అమ్ముడుపోని సరుకూ ఉంటుందన్నది మరువరాదు.

పాల కేంద్రం చూపిన బాట

కూరగాయల్లో కుదరని నమ్మకం పాలలో ఎలా కుదిరిందన్నది ఆలోచించదగిన విషయం. పాలు టమాటకన్నా త్వరగా చెడతాయి. అయినా ఊరూరా పాల కేంద్రాలు నడుస్తున్నాయి. కారణం సులభమే. ఉదయం, సాయంత్రం కొలత రైతు ఎదుటే జరుగుతుంది. వెన్న శాతం అక్కడే తేలుతుంది. దానికి తగిన రేటు పట్టిక గోడమీద ఉంటుంది. బిల్లు ఫలానా తేదీకి వస్తుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అన్నింటికన్నా ముఖ్యం, నాణ్యతకు తగ్గట్టు రేటు తగ్గవచ్చు గానీ తేడా లేని పాలను 'ఈ రోజు వద్దు' అని పంపేయరు. 2000లో మొదలైన ముల్కనూరు మహిళా డెయిరీ వంటి సంఘాలు ఈ పద్ధతి మీదే నిలదొక్కుకున్నాయి. టమాటకూ రెండు, మూడు రకాల రేట్లు పట్టికగా పెట్టి మొత్తం లాటు తీసుకునే ఏర్పాటు ఉంటే, రెండో రకాన్ని హోటళ్లకు, హాస్టళ్లకు, సాస్ తయారీకి మళ్లించే భారం కొనేవారిపై పడుతుంది. ఆ దారులు తెలిసింది కూడా వారికే.

కొట్టు సంగతి

కిరాణా వైపు చూస్తే దృశ్యం వేరు. శివ్వంపేటకు పొరుగునే ఉన్న మనోహరాబాద్‌లో ఐటీసీ సంస్థ సుమారు రూ.450 కోట్లతో 59 ఎకరాల్లో నిర్మించిన ఆహార పదార్థాల తయారీ, రవాణా కేంద్రం 2023 జనవరి 30న ప్రారంభమైంది. గోధుమపిండి, బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్ వంటివి తయారుచేసేందుకు దాన్ని ఉద్దేశించారు. పక్కనే ఫ్యాక్టరీ ఉంది కదా అని కొట్టుయజమాని మోటారుసైకిల్‌పై వెళ్లి పెట్టె తెచ్చుకోలేడు. నిత్యావసర సరుకుల కంపెనీలు ఏవైనా సరుకు ఫ్యాక్టరీ నుంచి డిపోకు, డిపో నుంచి ఆ ప్రాంతపు పంపిణీదారుకు, అక్కడి నుంచి దుకాణానికి సాగుతుంది. ఈ వరుసలో దుకాణదారుకు దొరికే పెద్ద ఆసరా అరువు. సేల్స్‌మన్ వారం, పది రోజుల గడువిస్తాడు. కొట్టుయజమాని ఊళ్లోవారికి జీతాల దాకా, పంట డబ్బుల దాకా ఖాతా రాస్తాడు. పెద్ద దుకాణాలు ఇవ్వలేనిది అదే.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుల వద్ద లారీలు నిలిచిపోవడం తగ్గింది. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లుల విధానం అమలైంది. సరుకు కదలిక కంప్యూటర్‌కు ఎక్కింది. ఇదే సమయంలో కొట్లకు నేరుగా టోకు ధరకు సరుకు పంపే ఆన్‌లైన్ సంస్థలు, క్యాష్ అండ్ క్యారీ దుకాణాలు రంగంలోకి దిగాయి. తమకన్నా తక్కువ ధరకు వాటికి సరుకు ఇస్తున్నారని పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య 2021 డిసెంబరులో కంపెనీలకు లేఖ రాసి, 2022 జనవరి 1 నుంచి సహాయ నిరాకరణకు దిగుతామని హెచ్చరించింది. తక్కువ ధర దుకాణదారుకు మేలే. అయితే పంపిణీదారు తప్పుకొంటే అరువు, కాలం చెల్లిన సరుకు వాపసు, విరిగిన పెట్టెకు మార్పిడి ఎవరు ఇస్తారన్నది దుకాణదారు ముందే తేల్చుకోవలసిన అంశం. బిల్లు మీద రూపాయి తగ్గి, వాపసు లేని బిస్కెట్ పెట్టె అటకెక్కితే ఆ తగ్గింపు అక్కడే కరిగిపోతుంది.

బాకీ మాట ముందే తేలాలి

లెక్క పంచుకున్నంత మాత్రాన చాలదు, డబ్బు అందాలి. చెన్నైలో 1997లో మొదలై దేశమంతటా దాదాపు 1,600 దుకాణాలకు విస్తరించిన సుభిక్ష 2009 ఆరంభంలో చతికిలబడింది. సిబ్బందికి జీతాలు, సరఫరాదారులకు బాకీలు నిలిచిపోయాయి. హెరిటేజ్ చిల్లర దుకాణాలను కొనుగోలు చేసిన ఫ్యూచర్ రిటైల్‌పై 2022 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. దుకాణం ఎంత పెద్దదైనా బాకీ మోయగల శక్తికి హద్దుంటుందని ఈ రెండు ఉదంతాలు చూపాయి.

చట్టపరంగా సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారుకు కొంత రక్షణ ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం కొనుగోలుదారు ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. పచ్చళ్లు, అప్పడాలు, కారంపొడి తయారుచేసి నగర దుకాణాలకు ఇచ్చే మహిళా సంఘాలు ఉద్యమ్ నమోదు చేయించుకుంటే ఈ నిబంధన వారికి ఉపయోగపడుతుంది. పచ్చి కూరగాయలు అమ్మే రైతు ఈ చట్టం కిందకు రాడు. అతనికి రాతకోతలే దిక్కు. 2020లో కేంద్రం తెచ్చిన ఒప్పంద సేద్యపు చట్టం మిగతా రెండు సాగు చట్టాలతోపాటు 2021 చివర్లో రద్దయింది.

నారు పోసేనాటికే...

ఒంటరి రైతు పది బాక్సులతో వెళ్లి నిబంధనలు అడిగితే వినేవారుండరు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ఉద్దేశం ఇదే. పదిమంది సరుకు ఒక డీసీఎం వ్యానులో వెళ్తే కిరాయి తగ్గుతుంది. ఊళ్లోనే ఏరి, రకాలుగా విడదీసి పంపితే తిరస్కరించిన సరుకు వెనక్కి మోయవలసిన పని ఉండదు. తెచ్చిన ప్లాస్టిక్ ట్రేలలోనే దుకాణం దాకా వెళ్తే చేతులు మారినప్పుడల్లా నలిగే కాయలూ తగ్గుతాయి.

కానీ అసలు చిక్కు కాలంతో ముడిపడి ఉంది. దుకాణం కోరే పరిమాణం రైతుకు తెలిసేది ముందురోజు సాయంత్రం. టమాట నారు ఎదగడానికే 25 నుంచి 30 రోజులు. నాటిన తరువాత తొలి కోతకు మరో 60 నుంచి 70 రోజులు. అంటే ఈ రోజు బాక్సులోకి వెళ్లే కాయ గురించి రైతు నిర్ణయం తీసుకున్నది మూడు నెలల కిందట. అప్పుడు అతనికి ఉన్న ఆధారం నిరుటి ధర ఒక్కటే. నిరుడు ధర పలికితే ఊరంతా అదే వేస్తుంది, పడిపోతే ఊరంతా మానేస్తుంది. కొరడా కొస ఊగినట్టే ఇక్కడ సాగు విస్తీర్ణం ఊగుతుంది. నగరంలోని దుకాణాల వద్ద నిరుటి లెక్క నెలలవారీగా, రోజులవారీగా ఉంది. ఏ నెలలో వారానికి ఎన్ని టన్నులు అమ్ముడయ్యాయో నారు పోసే ముందే సంఘానికి చెప్పగలిగితే, ఒక్కసారే కాక పదిహేను రోజుల తేడాతో విడతలుగా నాటుకోవడం సాధ్యమవుతుంది.

టమాటతో మొదలుపెట్టడం కష్టమనుకుంటే ఆకుకూరలున్నాయి. పాలకూర, మెంతికూర నెల రోజుల్లో చేతికొస్తాయి. లెక్క తప్పినా నష్టం ఒక మడికే పరిమితం. బోరు కింద పది గుంటల్లో వారానికో మడి చొప్పున విత్తుకుంటే, దుకాణం ఎంత తీసుకుంది, ఎంత కాదంది, డబ్బు ఎన్నో రోజున పడింది అన్నది రెండు నెలల్లో నోటుబుక్కులో తేలిపోతుంది. టమాట నారు పోయాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసి నిర్ణయించుకోవచ్చు.